పానకాలరావు గారి కొలతలు

కోటిలింగానికి ఈ లోకంలో ఎవరి మీదా పగ లేదు, తాడిబోయిన పానకాలరావు మీద తప్ప. అదైనా మనిషి మొత్తం మీద కాదు, ఆయన బొజ్జ మీద. "మనిషి మంచోడే. నా పొలం పోయింది మాత్రం ఆ బొజ్జ కిందే" అని రావులకొండ సబ్‌స్టేషను ముందు టీ బంకు దగ్గర ఇప్పటికీ చెబుతూ ఉంటాడు. కొత్తవాడెవడైనా వింటే అదేదో గట్టు తగాదా కాబోలు అనుకుంటాడు. గట్టు తగాదా అయితే పెద్దమనుషులుండేవారు. ఇది ప్యాంటు తగాదా.

పూర్వం రావులకొండలో కరెంటు పని చేసేవాళ్ళు ఎవరికి తోచిన బట్టలు వాళ్ళు వేసుకుని స్తంభాలెక్కేవారు. ఒకడు నిక్కరు, ఒకడు ఎగ్గట్టిన లుంగీ. కరెంటు కూడా ఎవడేం కట్టుకున్నాడని అడక్కుండా, పోవలసినప్పుడు పోయేది, బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. ఇంతలో పెద్దాఫీసులోని పెద్దాయనొకడు ఏదో దేశం వెళ్ళి, అక్కడ రోడ్డు ఊడ్చేవాడు కూడా విమానం నడిపేవాడిలా ఉన్నాడని చూసి వచ్చాడు. చూసి వచ్చినవాడు ఊరికే ఉండొచ్చుగా? ఉండలేదు. "క్షేత్రస్థాయి సిబ్బంది యావన్మందికీ ఏకరీతి దుస్తులు సమకూర్చుట ద్వారా సంస్థ యొక్క దృశ్యగౌరవమును పెంపొందించుట" అని ఒక ఉత్తర్వు దించాడు. దానికి ఏకరూప గౌరవ పథకం అని పేరు. పేరు పెట్టాక ఇక పథకాన్ని ఆపడం ఎవరి తరం?

ఆ సంస్థలో ఒక ఆచారం ఉంది. ఏ సరుకు కొన్నా ముందు ఒక నమూనా చేయించి, దానికి లక్క ముద్ర వేసి, స్టోర్సులో అద్దాల బీరువాలో పెడతారు. తరవాత వచ్చే సరుకంతా ఆ నమూనాతో సరిచూస్తారు. తేడా ఉంటే తిప్పికొడతారు. స్తంభానికి నమూనా ఉంది, తీగకు ఉంది, బోల్టుకు ఉంది. మంచి ఆచారమే. బోల్టులన్నీ ఒక్కలాగే ఉండాలి. మనుషులు అలా ఉండరన్న సంగతి మాత్రం స్టోర్సు నిబంధనల పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. రాయని సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

కాబట్టి "అందుబాటులో ఉన్న ఒక ఉద్యోగి కొలతలు తీసుకొని" నమూనా జత కుట్టించమన్నారు. కాంట్రాక్టరు పంపిన దర్జీ వచ్చేసరికి స్తంభాలెక్కేవాళ్ళంతా స్తంభాల మీదున్నారు. అందుబాటులో ఉన్నది స్టోర్సు సూపరింటెండెంటు పానకాలరావు ఒక్కడే. సర్వీసు మొత్తంలో ఆయన కుర్చీకి అందుబాటులో లేని రోజు లేదు. ఆ పూట ఉప్మా పెసరట్టు రెండు వేయించుకుని తిన్నాడు.

"ఊపిరి బిగబట్టమంటావా?" అని అడిగాడట దర్జీని.

"వద్దండీ, సుఖంగా ఉండండి" అన్నాడట దర్జీ.

ఆయన సుఖంగా ఉన్నాడు. పెసరట్టుతో సహా ఆ సుఖమంతా టేపులోకి ఎక్కింది. డివిజను మొత్తానికీ అవే కొలతలతో ఖాకీ జతలు దిగాయి.

కోటిలింగం చూస్తే ఎండిన కందికట్టె. ఊరి స్తంభాల్లో అతని పాదం ఆనని స్తంభం లేదు. పదిహేడేళ్ళుగా కాంట్రాక్టు కూలీ. పర్మినెంటు చేస్తామని పెట్టిన లిస్టులో ఈసారి అతని పేరుంది. ఆ ఒక్క ముక్క కోసమే ఎండలో వానలో ఓర్చుకున్నాడు. అలాగని నోట్లో నాలుక లేనివాడేం కాదు. పైగా కొంచెం సోకులరాయుడు. తాను పైకెక్కితే కింద నలుగురు చూస్తారని తెలిసినవాడు. కాలరు ఎత్తందే మొదటి అడుగు వెయ్యడు.

జత పుచ్చుకుని విప్పి చూసి, "అయ్యా, ఇది నాకు పెద్దదయ్యా" అన్నాడు.

పానకాలరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పెద్దదంటే ఎవరికి? నమూనాతో సరిచూశాం. వెంట్రుకవాసి తేడా లేదు."

"నాతో సరిచూడండయ్యా."

"నీకు ముద్రుందిట్రా? సంతకం పెట్టి తీసుకెళ్ళు."

యూనిఫారం లేనిదే స్తంభం ఎక్కరాదు, ఎక్కనిదే ఆ రోజు హాజరు లేదు. ప్యాంటును నడుముకు సుతిలి తాడుతో బిగించుకుని కోటిలింగం బయటికొస్తే, అతని జతగాడు మస్తాన్‌వలి చుట్టూ తిరిగి చూశాడు. వాడి అవతారమూ అంతే, కానీ ఎదుటివాడి లూజు కనబడినంతగా మన లూజు మనకు కనబడదు.

"మావా, ఒక కాల్లో నువ్వుండు. రెండోది నాకు అద్దెకియ్యి."

"మూసుకుని నిచ్చెన పట్టరా."

కూరగాయల మార్కెట్టు ఎదురుగా స్తంభం. కోటిలింగం కాలరెత్తి ఎక్కాడు, పని చేశాడు, దిగబోయాడు. అడ్డకమ్మి దగ్గర బోల్టొకటి ప్యాంటు కాలిని పట్టుకుంది. సుతిలి తెగింది. కోటిలింగం కిందికొచ్చాడు, ప్యాంటు పైనే ఉండిపోయింది. లైను ముందే ఆపించారు కాబట్టి పరువొక్కటే పోయింది, ప్రాణం పోలేదు. వంకాయలు బేరమాడుతున్న ఆడవాళ్ళు బేరం ఆపేశారు.

"సంస్థ దృశ్యగౌరవం పెరిగింది మావా" అన్నాడు మస్తాన్‌వలి, తల పక్కకు తిప్పుకుని.

కోటిలింగం భార్య సామ్రాజ్యం వీధిలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. కాళ్ళతో తొక్కే పాత మిషను. మొగుడు ముఖం మాడ్చుకుని విసిరిన ప్యాంటును రెండు చేతులా సాగదీసి పట్టుకుంది.

"ఇది ప్యాంటా, పెళ్ళి షామియానానా? ఎవరి కొలతయ్యా ఇది?"

"సంస్థ కొలత."

"సంస్థకి బొజ్జుందా?"

"ఉంది. పేరు పానకాలరావు."

"నేను మగోళ్ళ గుడ్డలు ముట్టను, అది వేరే పని" అంటూనే స్టూలెక్కించింది. సుద్దముక్కతో గీతలు పెట్టింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని చుట్టూ తిరిగింది. ఎక్కడ వదులో అక్కడ గుచ్చింది. గుచ్చిన చోటల్లా కోటిలింగమే తగిలాడు.

"కదలమాక."

"నువ్వు గుచ్చమాక!"

నడుము పట్టీ విప్పి, వెనక కుట్టు దగ్గర ఎక్కువున్నదంతా లోపలికి తీసింది. తొడల పక్కన సన్నం చేసింది. కాళ్ళు బెత్తెడు పైకి కత్తిరించి అంచు మడిచి కుట్టింది. చొక్కా చేతులు మోకాళ్ళ దాకా కాకుండా మణికట్టు దాకా తెచ్చింది. తీసిన గుడ్డ పారెయ్యడానికి మనసొప్పక, కటింగ్ ప్లేయరు పెట్టుకోవడానికి మూతా బొత్తామూ ఉన్న సంచీ ఒకటి కుట్టింది. కోటిలింగం తొడుక్కుని బీరువా అద్దం ముందు నిలబడ్డాడు. పక్కకు తిరిగి చూసుకున్నాడు. అటు పక్కకూ తిరిగాడు.

"చాల్లే, అద్దం అరిగిపోద్ది" అంది సామ్రాజ్యం. కానీ తనూ చూస్తూనే ఉంది.

ఆ వారమే యూనిఫారం తనిఖీకి డివిజనల్ ఇంజనీరు చక్రధరం గారు వచ్చారు. సబ్‌స్టేషను ఆవరణలో మనుషులంతా తీగ మీద ఆరేసిన బట్టల్లా వరసగా నిలబడ్డారు. గాలి వీస్తే అందరూ ఒకేసారి ఉబ్బారు, ఆగితే ఒకేసారి సొట్టబోయారు. ఆయన కడుపు నిండిపోయింది.

"చూశారా! ఇదీ ఏకరూపత అంటే. ఎవరు ఎవరో తెలియకుండా ఉన్నారు" అంటూ వరస చివరికొచ్చి ఠక్కున ఆగాడు. అక్కడ ఒక మనిషి, మనిషిలాగే ఉన్నాడు.

"ఏమయ్యా, నీ దుస్తులు నీకెందుకు సరిపోయాయి?"

"కుట్టించుకున్నానండయ్యా."

"ఎవరి అనుమతితో?"

"మా ఆవిడ అనుమతితోనండి."

వరసంతా నవ్వింది. ఆ నవ్వు కూడా మెమోలోకి ఎక్కింది. "సంస్థ ఆస్తియగు దుస్తులను స్వగృహమునందు అనధికారిక యంత్రముతో ఛేదించి, తన దేహమునకు సరిపోవునట్లు చేసికొని, తద్వారా ఏకరూపతకు భంగము కలిగించుటయే గాక, సహోద్యోగులయందు హాస్యమును ప్రేరేపించినందులకు" సంజాయిషీ చెప్పుకోమన్నారు. విచారణ తేలేదాకా పర్మినెంటు లిస్టులో అతని పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటుందన్నారు.

కోటిలింగం ఇచ్చిన సంజాయిషీ చదివి సంస్థ శాంతించి ఉంటే దాన్ని సంస్థ అనరు. విచారణ వేశారు. విచారణాధికారి చక్రధరం గారే. సంస్థ తరఫున వాదించేది, నమూనాకు కావలిదారు కాబట్టి, పానకాలరావు. సామ్రాజ్యం మిషనునూ, కత్తెరనూ నేరసాధనాలన్నారు, ప్లేయరు సంచీని అపహృత వస్త్రమన్నారు, ముద్ర వేసి స్టోర్సుకు తరలించారు. సన్నం చేసిన జతను తుది తీర్పు వరకు పెట్టెలో ఉంచమని, డ్యూటీకి కొత్త జత ఒకటి అంటగట్టారు. అదీ పానకాలరావు కొలతే.

విచారణ నాడు అద్దాల బీరువా తెరిచి నమూనా ప్యాంటు తెచ్చి కోటిలింగానికి తొడిగారు. ముందు పట్టుకునేందుకు ఒకడు, వెనక పట్టుకునేందుకు ఒకడు. పానకాలరావు టేపు పెట్టాడు.

"అయ్యా, నమూనా నడుము నలభై నాలుగు అంగుళాలు. ఉద్యోగి నడుము ఇరవై ఎనిమిది. పదహారు అంగుళాల లోటు కనిపిస్తోంది."

"లోటు ఎందులో?" అన్నాడు చక్రధరం, కలం ఎత్తి.

"నమూనాకు ముద్ర ఉందండి. కాబట్టి ఉద్యోగిలో."

కలం కదిలింది. సామ్రాజ్యం ఆగలేకపోయింది.

"ఏందయ్యా మీరు మాట్టాడేది? గుడ్డ మనిషికి కొలిచి కుడతారా, మనిషిని గుడ్డకి కొలిచి కంటారా?"

"అమ్మా, భావావేశం వద్దు" అన్నాడు చక్రధరం. "ఈమె కుట్టుపనిలో శిక్షణ పొందిందా? సర్టిఫికెట్ ఉందా?"

"మా అమ్మ నేర్పింది."

"సర్టిఫికెట్ లేదు అని రాసుకోండి."

తుది తీర్పు తరవాత అని, ముందు మధ్యంతర తీర్పు చదివారు. లోపం వస్త్రమునందు లేదు, దేహమునందు ఉన్నది. పదిహేడేళ్ళుగా ఈ లోపమును సంస్థకు తెలుపకుండా దాచి ఉంచుట మరొక నేరము.

ఒకడిలో లోపం బయటపడితే మిగతావాళ్ళను వదిలేస్తారా? డివిజను మొత్తాన్నీ వరసగా నిలబెట్టి కొలిచారు. అందరిలోనూ లోటే. ఒకడికి పొడవు చాలలేదు, ఒకడికి భుజాలు చాలలేదు, బొజ్జ ఒక్కడికీ చాలలేదు. నమూనాకు అణువంత తేడా లేకుండా సరిపోయిన ఉద్యోగి ఒక్కడే తేలాడు. పానకాలరావు గారికి శాలువా కప్పి, ఆదర్శ దేహధారి అని షీల్డు ఇచ్చారు. మస్తాన్‌వలి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"ఎందుకురా అంత ఇది?" అన్నాడు కోటిలింగం.

"ఆయన తిన్నాడు మావా, మనం తినలా. కష్టపడ్డోడికి దక్కింది."

లోటు ఎలా పూడ్చాలని పెద్దాఫీసు అడిగింది. సిబ్బందికి నెయ్యీ పప్పూ ఇప్పిస్తే ఆర్నెల్లలో నమూనా అందుకుంటారని ఒక గుమాస్తా రాశాడు. తిండికి పద్దు లేదని తిప్పి పంపారు. దూదికి పద్దుంది. అలా పూరక దిండ్లు వచ్చాయి. లోటును బట్టి ఒకరికి చిన్నది, ఒకరికి పెద్దది, అందరికీ తాళ్ళతో సహా. కోటిలింగానికి పరుపు లాంటిది తగిలింది. తొడుక్కుని నిలబడితే తన కాళ్ళు తనకు కనబడలేదు. స్తంభాన్ని వాటేసుకోబోతే దిండు ముందు తగిలి వెనక్కి తోసింది. రెండడుగులు ఎక్కడం, జారడం. ఊళ్ళో ఫ్యూజులు పోయినవి పోయినట్టే ఉన్నాయి. జనం ఆఫీసు మీదికొస్తే చక్రధరం గారు వరండాలోకి వచ్చి, "సిబ్బంది ఏకరూపత నూటికి నూరు శాతం సాధించాం. సరఫరా విషయం తదుపరి దశలో పరిశీలిస్తాం" అని చెప్పి లోపలికి పోయారు.

కరెంటుకు పెద్దాచిన్నా తెలియదు. పథకం ఎలా సాగుతోందో చూద్దామని పెద్దాఫీసు పెద్దాయన రావులకొండ వచ్చి, చక్రధరం గారింట్లో భోజనానికి దిగిన సాయంత్రమే వాళ్ళ వీధిలో తీగ తెగింది. పప్పులో నెయ్యి ఎక్కడుందో, నెయ్యిలో ఈగ ఎక్కడుందో తెలియని చీకటి. కోటిలింగంతో సహా ముగ్గురు దిండ్లు కట్టుకుని వచ్చి స్తంభాన్ని ఢీకొని కూర్చున్నారు. చక్రధరం గారు గేటు దాకా పరుగెత్తుకొచ్చారు.

"కోటిలింగం, నాయనా, ఎలాగైనా ఎక్కు."

అతను ఆ దిక్కు నుంచి ఇంతవరకు నాయనా అన్న పిలుపు విని ఎరగడు.

"ఈ దిండుతో నా వల్ల కాదయ్యా. పెట్టెలోని పాత ప్యాంటు ఏసుకోనిస్తే ఎక్కుతా."

"ఏదో ఒకటి వేసుకో! నేను చెబుతున్నానుగా!"

"నా పర్మినెంటు సంగతి కూడా కొంచెం..."

"ముందు ఎక్కవయ్యా బాబూ!"

కోటిలింగం ఇంటికెళ్ళి పెట్టె తీశాడు.

"అది తొడగమాక" అంది సామ్రాజ్యం. "వాళ్ళ నోటి మాటకి ముద్రుండదు."

"డీఈ గారే చెప్పాడే. నాయనా అన్నాడు."

"అవసరంలో గాడిదని కూడా అంటారయ్యా ఆ మాట."

విన్నాడా? తొడిగాడు. చీకట్లో ఎవరికీ కనబడదని తెలిసీ కాలరెత్తాడు. లైను ఆపించి, ఉడతలా ఎక్కి, తీగ కలిపి, వెయ్యమని కేకేశాడు. భగ్గున వీధి లైటు వెలిగింది. ఆ వెలుగు ముందుగా అతని మీదే పడింది. చెయ్యి కడుక్కుంటూ వరండాలోకి వచ్చిన పెద్దాయన తలెత్తి చూశాడు.

"ఎవరతను? అతనొక్కడూ వేరుగా ఉన్నాడే?"

చక్రధరం గారు కూడా, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, చూశారు. చీకట్లో ఇచ్చిన అనుమతి వెలుతురులో చెల్లలేదు.

విచారణ పెండింగులో ఉండగా అదే నేరం మళ్ళీ, అందులోనూ ఎత్తైన చోట, అందరికీ కనబడేలా చేశాడని రాశారు. అతని చర్య వల్లనే లోటు బయటపడింది కాబట్టి, ఆ లోటు పూడ్చిన దూది ఖర్చు, దిండ్ల గలీబుల ఖర్చు, కొలతలు తీయడానికి వచ్చిన అధికారుల భత్యాలు, పానకాలరావు శాలువా, అన్నీ అతని దగ్గరే రాబట్టాలన్నారు. నెలాఖరులోగా కడితే పేరు లిస్టులో ఉంటుంది. లేకపోతే ప్రశ్నార్థకం తీసేసి పేరే కొట్టేస్తారు.

కోటిలింగానికి ఉన్నది వాగు పక్కన నాన్న పంచి ఇచ్చిన చిన్న మడి. ఆ మడి వడ్లు నాలుగు నెలలు ఇంట్లో కూడు. సామ్రాజ్యం రెండు రోజులు వద్దంది. మూడో రోజు తనే అంది, "పర్మినెంటయితే మళ్ళీ కొనుక్కోవచ్చులే." అమ్మేశాడు. డబ్బు కట్టాడు. రసీదు మీద సంతకం పానకాలరావుదే.

పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది కూడా. మస్తాన్‌వలి పైకి చదివాడు. "ఇందుమూలముగా నియమించడమైనది. ఈ నియామకము ఉద్యోగి దేహము నమూనా కొలతలు అందుకొనిన తేదీ నుండి అమలులోనికి వచ్చును." కాగితం మడిచి కోటిలింగం చేతికిచ్చాడు.

"తిను మావా. ఇంకేం చేస్తాం, బాగా తిను."

"ఏం తినేది? పొలం అమ్మాగా."

ఏడాది తిరక్కముందే పానకాలరావుకు షుగరొచ్చింది. డాక్టరు అన్నం మాన్పించాడు, పెసరట్టు వాసన కూడా చూడొద్దన్నాడు. శాలువా కప్పించుకున్న బొజ్జ ఎండకు పెట్టిన మంచుగడ్డలా కరిగిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన చంకలో పొట్లం పెట్టుకుని, రెండో చేత్తో నడుము దగ్గర ప్యాంటు పట్టుకుని, వెనక సందులోంచి కోటిలింగం ఇంటికి వచ్చాడు.

"అమ్మా సామ్రాజ్యం, నడుము దగ్గర కాస్త లోపలికి తీసి కుట్టాలమ్మా. రెండో కంటికి తెలియకూడదు."

సామ్రాజ్యం కోపగించుకోలేదు. కుర్చీ వేసింది. పలచటి మజ్జిగ ఇచ్చింది.

"కుట్టేదాన్నే అన్నయ్యగారూ. మిషనూ కత్తెరా మీ స్టోర్లోనే ముద్రేసి ఉండాయిగా. తెచ్చిపెట్టండి."

"విచారణ మూసేదాకా అవి తియ్యడానికి లేదమ్మా."

"మూసెయ్యండి మరి."

"మూయాలంటే నమూనాకు సరిపోయే ఉద్యోగి ఒకడు సరిచూసి సంతకం పెట్టాలి." పానకాలరావు గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఇప్పుడు సంస్థలో అలాంటివాడు లేడు."

గడప దగ్గర కూర్చుని వింటున్న కోటిలింగం లేచాడు. చొక్కా ఎత్తి, తాళ్ళు విప్పి, తన దిండు తీసి పానకాలరావు ఒళ్ళో పెట్టాడు.

"సంతకం పెట్టి తీసుకెళ్ళండయ్యా."

ఆయన తీసుకెళ్ళాడు. మర్నాడు ఆఫీసులో మళ్ళీ నమూనాకు సరిపోయాడనీ, అయినా విచారణ మాత్రం మూయలేదనీ మస్తాన్‌వలి చెప్పాడు. మూస్తే ఆయన దిండు ఎక్కడిదని అడుగుతారట.

"ఏది ఏమైనా ఆ బొజ్జ పోయింది గదా మావా. ఇంకా పగేంది నీకు?" అన్నాడు టీ బంకు దగ్గర.

కోటిలింగం గ్లాసు కింద పెట్టాడు.

"బొజ్జ పోయిందిరా. అది మింగింది కక్కిందా? వాగు పక్క మాగాణి, ఇరవై రెండున్నర సెంట్లు. గట్టుతో సహా."